పోస్టమ్మ రూటు

ఎడమకాలి బూటు దొరకలేదు.

కుడికాలి బూటు తలుపు పక్కన బుద్ధిమంతుడిలా కూర్చుని ఉంది. దాని జోడు మాత్రం తెల్లారేసరికి మాయమైంది. మంచాల కింద వెతికారు, బీరువా వెనక వెతికారు, విప్పిన బట్టల బుట్ట బోర్లించి చూశారు. గడ్డి మేస్త్రి అయితే ఫ్రిజ్ తలుపు కూడా తీసి లోపలికి తొంగి చూశాడు.

"బూటు ఫ్రిజ్‌లో ఎందుకుంటుందండీ?" అంది పోస్టమ్మ.

"ఉండాల్సిన చోట్లన్నీ చూసేశాం కదా. ఇక మిగిలినవి ఉండకూడని చోట్లే."

"అవతల బస్సు వెళ్ళిపోతుంది."

"పోతే పోయింది," అని నోరు జారాడు మేస్త్రి. భార్య చూపు చూసి వెంటనే సర్దుకున్నాడు. "అంటే... ఇంకో బస్సు ఉంటుంది కదా అని."

కొండలకు వెళ్ళే బస్సు రోజుకు ఒక్కటే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఇంట్లో ఉన్నది ముగ్గురు మనుషులు. ఇద్దరు ఇల్లంతా గాలిస్తున్నారు. మూడో మనిషి, మేస్త్రి తల్లి, వంటింట్లో కుర్చీలో కూర్చుని ఒళ్ళో శాలువా కప్పుకుని కిటికీలోంచి వీధి చూస్తోంది. నడివేసవిలో శాలువా ఏమిటని మేస్త్రికి తట్టి ఉండాల్సింది. తట్టలేదు. గాజు సామాను గిడ్డంగిలో ప్యాకింగ్ పని చేసే మనిషి అతను. గ్లాసులూ, దీపం బుడ్లూ గడ్డిలో పొదిగి పెట్టెల్లో సర్దుతాడు. ఇప్పుడు గడ్డి పోయి కాగితం పీలికలు వచ్చాయి గానీ, గడ్డి మేస్త్రి అన్న పేరు మాత్రం పోలేదు. వస్తువును దాచడం అతనికి వచ్చినంత బాగా వెతకడం రాదు.

పోస్టమ్మకు తట్టింది. ఇంటింటికీ ఉత్తరాలు పంచుతూ సగం జీవితం గడిపిన మనిషి. తలుపు తీసిన ముఖం చూస్తే చాలు, లోపల ఏం జరుగుతోందో చెప్పేయగలదు.

"అత్తయ్యా, బూటు ఇవ్వండి."

"ఏ బూటు?"

"మీ ఒళ్ళో ఉన్నది."

ముసలావిడ శాలువాను ఇంకాస్త బిగించింది. "ఇవ్వను. ఒక కాలు విరగ్గొట్టుకుంది చాల్లేదూ? రెండోది కూడా ఊడగొట్టుకోవడానికి కొండల దాకా వెళ్ళాలా? ఆ మాత్రానికి మన వీధిలో మెట్లు లేవా?"

"ఒక్కసారి వెళ్ళొస్తాను అత్తయ్యా."

"పోయినేడాది కూడా అలాగే వెళ్ళొస్తానని ఉత్తరాల సంచి వేసుకుని వెళ్ళావు. నిన్ను మంచం మీద మోసుకొచ్చారు."

పోస్టమ్మ కోప్పడలేదు. చేత్తో గోడైనా పట్టుకోకుండా, కుడికాలు నేల మీంచి ఎత్తింది. మోకాలి నుంచి చీలమండ దాకా పొడుగాటి మచ్చ ఉన్న ఎడమకాలు ఒక్కటే నేల మీద మిగిలింది. ఆ మచ్చ వెనక ఎముకకు తోడుగా ఒక ఉక్కు కడ్డీ ఉంది.

"మీరు ఇచ్చేదాకా ఈ కాలి మీదే నిలబడతాను," అంది.

"నిలబడు. నాకేం తొందర? బస్సు నాది కాదు."

మేస్త్రి రెండు చేతులూ చాపుకుని భార్య వెనక్కి చేరాడు, అలమరా అంచున ఊగుతున్న గాజు జాడీని పట్టుకోబోయేవాడిలా.

"మీరు దూరంగా ఉండండి," అంది ఆమె వెనక్కి చూడకుండానే.

పొయ్యి మీద టీ పొంగింది. ఎవరూ కదల్లేదు. ముసలావిడ కాసేపు వీధి చూసింది, కాసేపు పొంగిన టీ చూసింది. ఎటు తిప్పినా ఆమె కళ్ళు కోడలి కాలి దగ్గరికే వచ్చి ఆగుతున్నాయి. మేస్త్రి కూడా అదే చూస్తున్నాడు. పిక్క ముందు వణికింది. ఆ వణుకు పాదం దాకా దిగింది. తర్వాత ఎక్కడో లోపల సర్దుకున్నట్టయి, కాలు పాతిన స్తంభంలా నిలిచింది. పోస్టమ్మ నుదుటి మీద చెమట పట్టింది గానీ పెదవి కదల్లేదు. ఏడాది కిందట ఈ కాలు మంచం మీంచి దించడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చేది.

"చాల్లే, దింపు!" అని అరిచింది ముసలావిడ చివరికి. శాలువా లోంచి బూటు తీసి నేల మీద పెట్టింది. "మొండిఘటం! చూడలేక చస్తున్నాను. ఇంత మొండితనం మా వంశంలో లేదమ్మా."

"మీ దగ్గరే నేర్చుకున్నాను అత్తయ్యా."

"సర్లే, ముఖస్తుతి. తాళ్ళు బిగించి కట్టుకో."

కోడలు గుమ్మం దగ్గర కూర్చుని బూట్లు కట్టుకుంటుంటే, ముసలావిడ కొడుకు చొక్కా పట్టుకుని పొయ్యి దగ్గరికి లాగింది.

"చెప్పావా?"

"లేదు."

"పోస్టాఫీసుకి వెళ్ళి నువ్వు వెలగబెట్టి వచ్చిన నిర్వాకం నీ నోటితో నువ్వే చెప్పు. ఇంకొకళ్ళ నోటి వెంట విన్నదంటే నిన్ను నేను కూడా కాపాడలేను."

"కొండ మీద చెప్తాలే అమ్మా."

"అంచున మాత్రం నిలబడకు," అంది తల్లి.

ఆ నిర్వాకం ఇదీ. తడి మెట్ల మీద జారి కాలు విరిగిన దగ్గర్నుంచీ పోస్టమ్మ రూటు వేరే అతను నడుస్తున్నాడు. కాస్త కోలుకున్నాక ఆమెను కౌంటరు వెనక కూర్చోబెట్టి స్టాంపులు అమ్మిస్తున్నారు. పోయిన వారం డాక్టరు ఇక నడవచ్చన్నాడు. ఆమె సంబరంగా వెళ్ళి తన రూటు తనకు ఇప్పించమని పోస్టుమాస్టరును అడిగింది. ఆయన సోమవారం చెప్తానన్నాడు. ఈ లోపు కొండల్లో కనుమ దాకా నడిచి వచ్చి, ఆ కాళ్ళతోనే సోమవారం ఆయన ముందు నిలబడాలని పోస్టమ్మ పంతం. గడ్డి మేస్త్రి అంతకు ముందే, భార్యకు తెలియకుండా, పోస్టుమాస్టరు దగ్గరికి వెళ్ళొచ్చాడు. ఆమెను కౌంటరు దగ్గరే ఉంచేయండి, నేను చెప్పానని మాత్రం చెప్పకండి అని బతిమాలి వచ్చాడు.

బస్సు దొరికింది. దాని వెంట పరుగెత్తిందీ, ఎక్కాక రొప్పిందీ మేస్త్రే. పోస్టమ్మ కిటికీ పక్కన కూర్చుని అతనికి మంచినీళ్ళ సీసా అందించింది.

వీపు బ్యాగులు రెండూ మేస్త్రే సర్దాడు. ఇంట్లో అతనుండగా సర్దే పని ఇంకొకరు చేస్తే అతని వృత్తికే అవమానం. అడుగున ఒక పొర, పక్కల మెత్త, మధ్యలో పగిలేవి, సందు కనిపిస్తే గుడ్డ. సర్దాక ఊపి చూస్తే చప్పుడు రాకూడదు. రాలేదు. బస్సు దిగి కొండదారి పట్టేటప్పుడు అతను ఆ బ్యాగుల వంక గర్వంగా చూసుకున్నాడు కూడా.

చెట్లు దాటి రాళ్ళ దారిలోకి రాగానే వాన మొదలైంది.

"రెయిన్‌కోట్లేవండీ?"

"ఉన్నాయి."

"ఎక్కడ?"

"భద్రంగా ఉన్నాయి."

"భద్రంగా అంటే?"

"అడుగున."

పోస్టమ్మ అతని వంక చూసింది. అతను ఆకాశం వంక చూశాడు. ఇద్దరూ పరుగులాంటి నడకతో ఒక పెద్ద బండ చూరు కిందికి చేరి, బ్యాగులు బోర్లించారు. స్వెట్టర్లు వచ్చాయి, దుప్పట్లు వచ్చాయి, మూడు తువ్వాళ్ళలో చుట్టిన స్టవ్వు వచ్చింది. ఒక్కో మేజోడులో ఒక్కో ఉడికిన గుడ్డు వచ్చింది.

"గుడ్లకి మేజోళ్ళు తొడిగారేమిటండీ?"

"పగలవని."

"ఎలాగూ పగలగొట్టుకునే కదా తినాలి!"

ఆ మాటతో ఆమెకు నవ్వు ఆగలేదు. తడిసిన జుట్టు ముఖం మీద పడుతున్నా నవ్వుతూనే ఉంది. మేస్త్రి ముందు ముఖం ముడుచుకున్నాడు. తర్వాత అతనికీ నవ్వొచ్చింది. రెయిన్‌కోట్లు చేతికి వచ్చేసరికి అవి తొడుక్కోవాల్సిన అవసరం తీరిపోయింది. ఇద్దరూ నిలువునా తడిసి ఉన్నారు.

"మీ పెట్టెలు దారిలో ఎవరూ విప్పరు," అంది పోస్టమ్మ, సామానంతా బండ మీద వరసగా పేరుస్తూ. "చేరాకే విప్పుతారు. అందుకని మీకిది అలవాటు. నా సంచి అలా కాదు. మొదటి ఇంటిది పైన ఉండాలి, చివరి ఇంటిది అడుగున ఉండాలి. ఇప్పుడు చెప్పండి, దారిలో మనకి మొదట ఏమొస్తుంది?"

"వాన."

"తర్వాత?"

"ఆకలి."

"తర్వాత?"

"చలి. ఆ తర్వాత నిద్ర."

"ఇంకేం? అడుగున టెంటు, దుప్పట్లు. పైన స్వెట్టర్లు, ఆ పైన రొట్టె. కోట్లు అన్నిటికంటే పైన." మాటలు పూర్తయ్యే లోపు ఆమె చేతులు రెండు బ్యాగులూ సర్దేశాయి. అతని బ్యాగులోని టెంటు తన బ్యాగులోకి ఎప్పుడు మారిందో కూడా మేస్త్రి గమనించలేదు. పనివాడు గనక అతనికి పని తెలుసు. దారినంతా తలలో పెట్టుకుని ఒక్క కదలిక వృథా కాకుండా సర్దిన ఆ చేతుల్ని నోరు తెరుచుకుని చూశాడు.

వాన ఆగలేదు. వాళ్ళు గుడ్లు ఒలుచుకుని తింటూ కూర్చున్నారు.

"నా రూటుకొచ్చిన కొత్తతను మంచివాడే," అంది పోస్టమ్మ ఉన్నట్టుండి. "కానీ ఉత్తరాలు తలుపు కింద తోసేసి వెళ్ళిపోతున్నాడట. రెండో అంతస్తులో బట్టలు కుట్టే ఆయన ఉన్నాడు చూడండి, ఆయనకి చదవడం రాదు. నేను మెట్ల మీదే చదివి పెట్టేదాన్ని. ఇప్పుడు ఆయన ఉత్తరాలు పట్టుకుని కౌంటరుకి వస్తున్నాడు. లైన్లో నిలబడి, అందరి ముందూ చదివించుకోలేక స్టాంపు ఒకటి కొనుక్కుని వెళ్ళిపోతున్నాడు."

"నువ్వు కౌంటరు దగ్గరుంటే ఏం తక్కువట? నీడపట్టున ఉద్యోగం."

"నీడపట్టున పెట్టడానికి నేనేమైనా మందు సీసానా?"

"నేనేదో మాటవరసకి అన్నాను."

"మాటవరసకి కూడా అనకండి. అక్కడ కూర్చుంటే అందరూ నా దగ్గరికి వస్తారు. నాకేమో నేను వెళ్ళడం అలవాటు. సాయంత్రమయ్యేసరికి ఊపిరాడదు నాకు. ఈ ఏడాదంతా మీకు చెప్పలేదు. చెబితే ఇంకాస్త జాలిపడతారని."

మేస్త్రి చేతిలో మిగిలిన గుడ్డు ముక్క మింగేశాడు. ఇదే సమయం, చెప్పేయాలి అనుకున్నాడు. గట్టిగా ఊపిరి పీల్చి నోరు తెరిచాడు.

"ఇంకో గుడ్డుందా?" అన్న మాట బయటికి వచ్చింది.

ఆ రాత్రి టెంటులో ఆమె పడుకున్న వెంటనే నిద్రపోయింది. మేస్త్రి మాత్రం తను చేసిన పనిని అటు తిప్పీ ఇటు తిప్పీ చూసుకున్నాడు. అది ఏ వైపు నుంచీ బాగాలేదు.

మర్నాడు వాన వెలిసింది. దారి నిటారుగా పైకి లేచింది. పోస్టమ్మ ముందు, మేస్త్రి వెనక. ఆమె నడకలో తొందర లేదు, ఆగడమూ లేదు. సమంగా, ఒకే తీరున సాగిపోతుంది. అతను నాలుగడుగులు దూకుడుగా వేసి ఆగుతాడు, ఆయాసపడతాడు, మళ్ళీ దూకుతాడు. ఎదురుగా దిగివచ్చేవాళ్ళు ఇద్దర్నీ చూసి, తిన్నగా ఆమె దగ్గరికే వెళ్ళి దారి అడుగుతున్నారు. ఆమె కూడా ఈ కొండకు కొత్తే. అయినా ఏ మలుపులో బురద ఉందో, ఎక్కడ నీళ్ళు పట్టుకోవచ్చో వివరంగా చెప్పి పంపుతోంది.

"మీరు అలా చేతులు చాపుకుని నా వెనకే రావద్దండీ," అంది ఒకచోట ఆగి. "నాకు మీ ఊపిరి చప్పుడు తప్ప ఏం వినపడట్లేదు."

"పట్టుకుందామని..."

"పడినప్పుడు పట్టుకుందురు గాని. పడేదాకా పక్కన నడవండి."

కాసేపటికి వాగు అడ్డం వచ్చింది. లోతు లేదు గానీ వడి ఉంది. దాటడానికి వేసిన రాళ్ళ మీద నీళ్ళు పారుతున్నాయి. ఆ రాళ్ళు నున్నగా, నల్లగా, తడిసిన మెట్లలా ఉన్నాయి.

పోస్టమ్మ ఆగిపోయింది.

ఆమె మెడ దగ్గర నరం కొట్టుకోవడం మేస్త్రికి కనిపించింది. కర్ర పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. తన భార్యకు భయమంటే తెలియదని అతను ఇన్నాళ్ళూ అనుకున్నాడు. కాలు విరిగినప్పుడు కూడా ఆమె ముందు అడిగింది సంచిలో మిగిలిపోయిన ఉత్తరాల సంగతే. అలాంటి మనిషి ఇప్పుడు వణుకుతోంది.

"వెనక్కి వెళ్ళిపోదామా?" అన్నాడు మెల్లగా. "ఎవరూ ఏమీ అనరు."

ఆమె తల అడ్డంగా ఊపింది. అతను చెయ్యి అందించాడు. దానికీ తల అడ్డంగానే ఊపింది. కర్రతో మొదటి రాయి తట్టి చూసి, ఎడమకాలు ముందు పెట్టింది. విరిగిన కాలే ముందు. బరువంతా దాని మీద వేసి, అది నిలుస్తుందని నమ్మకం కుదిరేదాకా ఆగి, రెండోది ఎత్తింది. అలా ఒక్కో రాయీ అడిగి అడిగి దాటింది. అవతలి ఒడ్డున కూర్చుని బూటు తాడు విప్పి మళ్ళీ కట్టుకుంది. తాడు ఊడలేదని అతనికి తెలుసు. వణుకు తగ్గడానికి చేతులకు పని కావలసి వచ్చింది.

ఆమె వంకే చూస్తూ రాళ్ళ మీద కాలు పెట్టిన మేస్త్రి సర్రున జారి మోకాళ్ళ దాకా నీళ్ళలో దిగబడ్డాడు.

"పట్టుకోండి," అని ఆమె కర్ర చాపింది.

బూట్లలో నీళ్ళు పిండుకుంటున్నంత సేపూ మేస్త్రి తనను తాను తిట్టుకున్నాడు. జారినందుకు కాదు. భయం లేనివాళ్ళు దాటితే అందులో గొప్పేముంది? ఈవిడ భయాన్ని వెంటబెట్టుకుని దాటింది. ఇలాంటి మనిషినా తను పెట్టెలో పెట్టి గడ్డి కప్పేయమని చెప్పి వచ్చింది? అతనికి సిగ్గేసింది. ఆ సిగ్గుతో పాటే పెళ్ళాం అంటే పట్టరాని గర్వం కూడా కలిగింది.

ఎండ నెత్తి మీదికి వచ్చేసరికి కనుమ చేరారు.

రెండు శిఖరాల నడుమ ఆ చోటు గుమ్మంలా ఉంది. వెనక వాళ్ళు ఎక్కి వచ్చిన లోయ, ముందు ఇంకో లోయ, దాని వెనక మంచు కొండలు ఒకదాని భుజం మీద ఒకటి. మేఘాలు కాళ్ళ కింద తిరుగుతున్నాయి. పోస్టమ్మ బ్యాగు దించింది. రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, కాళ్ళు రెండూ ఎడంగా పెట్టి నిలబడి, చాలాసేపు రెండు లోయల వంకా చూసింది.

"వచ్చానండీ," అంది చివరికి.

"వచ్చావు," అన్నాడు మేస్త్రి.

అంతలో అతని జేబులో ఫోను మోగింది. దారి పొడుగునా అందని సిగ్నల్ ఇక్కడ అందింది. చేసింది తల్లి. కొండ మీదికి వినపడాలంటే ఆ మాత్రం అరవాలని ఆమె లెక్క.

"కాలుందా?"

"ఉందమ్మా. రెండూ ఉన్నాయి."

"మరి చెప్పావా? పోస్టాఫీసు సంగతి చెప్పావా లేదా?"

ఆ కేక అతని చెవి దాటి, పోస్టమ్మను దాటి, లోయలోకి కూడా వెళ్ళి ఉంటుంది. మేస్త్రి గబుక్కున ఫోను కట్టేశాడు.

"ఏం చెప్పాలట?" అంది పోస్టమ్మ.

"కిందికి దిగాక చెప్తాను."

"ఇక్కడే చెప్పండి. గాలి తప్ప ఎవరూ వినరు."

చెప్పాడు. దాచకుండా, నసగకుండా, కింద రాళ్ళ వంక చూస్తూ అంతా చెప్పాడు.

"పోస్టుమాస్టరు గారు పిలిచి అడిగారా?"

అవునంటే సగం తప్పు ఆయన మీదికి పోతుంది. మేస్త్రికి ఆ ఆశ తగిలింది, పోయింది. "లేదు. నేనే వెళ్ళాను."

"ఎప్పుడు?"

"డాక్టరు నిన్ను నడవచ్చన్నాడు కదా. ఆ మర్నాడే."

పోస్టమ్మ తలాడించింది. బ్యాగు విప్పి రొట్టె తీసి, రెండు ముక్కలు చేసి, పెద్ద ముక్క అతని చేతిలో పెట్టింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె అతన్ని తిట్టింది, అలిగింది, ఒకసారి గరిటె కూడా విసిరింది. ఇంత మర్యాదగా రొట్టె మాత్రం ఎప్పుడూ పెట్టలేదు.

"ఏదో ఒకటి అను," అన్నాడు.

"ఆసుపత్రిలో నేను కళ్ళు తెరిచేసరికి మీరు నా సంచిని కౌగలించుకుని కూర్చున్నారు. నాకు గుర్తుంది. ఎంత భయపడ్డారో నాకు తెలుసు." ఆమె గొంతు పెరగలేదు. "కానీ ఆ భయం మీది. దాన్ని తెచ్చి నా కాలికి కట్టారు."

"నువ్వు పోతావేమో అనుకున్నాను ఆ రోజు."

"ఆ మాట నాతో అనాల్సింది. నాతో పోట్లాడాల్సింది. నేనూ పోట్లాడేదాన్ని. ఎవరో ఒకరు గెలిచేవాళ్ళం. నా వెనక వెళ్ళి..." ఆగిపోయింది. రొట్టె ముక్క కిందపెట్టి చేతులు దులుపుకుంది. "ఫోను చెయ్యండి."

"ఎవరికి?"

"ఎవరికి చెప్పి వచ్చారో ఆయనకి. ఆఫీసు ఇంకా తెరిచే ఉంటుంది. నా వెనక చెప్పింది నా ఎదురుగా వెనక్కి తీసుకోండి."

మేస్త్రి నంబరు నొక్కాడు. పోస్టుమాస్టరు చాలా మెల్లగా మాట్లాడే మనిషి. కౌంటరుకు అవతల నిలబడ్డవాళ్ళు కూడా చెవి ఒగ్గి వినాలి. ఈ గాలిలో ఫోను చెవికి అదిమిపెట్టుకుంటే తప్ప ఆయన గొంతు అందలేదు.

"సార్, నేను గడ్డి మేస్త్రిని. పోస్టమ్మ భర్తని... ఆ రోజు మీతో నేను చెప్పింది తప్పు సార్. ఆగండి సార్, ముందు నన్ను చెప్పనివ్వండి. కాలు బాగాలేక కాదు, నాకు ధైర్యం లేక చెప్పాను. ఇప్పుడు మేమెక్కడున్నామో తెలుసా? కనుమ మీద. మేఘాలు మా కింద ఉన్నాయి. టెంటు తనే మోసింది. నా బ్యాగులోంచి తీసేసుకుని మరీ మోసింది. వాగు దగ్గర నేను జారాను సార్, తను జారలేదు. భయపడింది, భయపడుతూనే దాటింది. నేనైతే ఇంటికి తిరిగొచ్చేసేవాణ్ణి. దారిలో అందరూ దారి తననే అడుగుతున్నారు, నన్నెవరూ మనిషిగా కూడా చూడట్లేదు. ఇన్నేళ్ళు పక్కనుండి నేను ఈవిడ నడక చూడలేదు సార్. పడిపోతుందేమోనని పాదాల వంకే చూశాను. ఇవాళ చూశాను. ఆ రూటు తనది. ఇంకెవరు నడిచినా అది వట్టి రోడ్డు. సోమవారం తన రూటు తనకిచ్చేయండి. నేను మీ ఆఫీసు గుమ్మం తొక్కను. కావాలంటే గుమ్మం బయట నిలబడి చప్పట్లు కొడతాను."

పోస్టమ్మ అటు తిరిగి మంచు కొండలు చూస్తోంది. ఒకసారి చెంగుతో కళ్ళు తుడుచుకుంది. కొండ మీద గాలికి కళ్ళల్లో నీళ్ళు రావడం మామూలే అని ఎవరైనా అడిగితే చెప్పేది కాబోలు. ఎవరూ అడగలేదు.

ఫోనులో పోస్టుమాస్టరు నిట్టూర్చాడు.

"మేస్త్రి గారూ, ఈ ముక్క వారం ముందు చెప్పకూడదూ? ఇంటివాళ్ళే వద్దంటున్నారు, ఇంకా ఆలోచించేదేముందని మీరొచ్చి వెళ్ళిన రోజే పై ఆఫీసుకి రాసేశాను. ఆర్డరు ఇవాళ పొద్దున వచ్చింది. రూటు ఆ కొత్తబ్బాయికి పర్మనెంటు చేసేశారు. ఆవిణ్ణి కౌంటరుకి వేశారు. ఇక నా చేతుల్లో ఏం లేదండీ. సోమవారం ఆవిడ ముఖం ఎలా చూడాలా అని నేను పొద్దున్నుంచీ మథనపడుతున్నాను... మీరు పక్కనే ఉన్నారుగా. మెల్లగా మీరే చెప్పేయండి."

అవతల ఫోను పెట్టేసిన చప్పుడైంది. మేస్త్రి ఇంకా చెవి దగ్గరే పట్టుకుని నిలబడ్డాడు.

పోస్టమ్మ ఇటు తిరిగింది. పొద్దున్నుంచి ఎండకూ గాలికీ కందిన ఆ ముఖం నిండా నవ్వు ఉంది. పెళ్ళైన కొత్తలో, మొదటిసారి ఖాకీ సంచి భుజాన వేసుకుని గుమ్మం దిగిన రోజు ఆమె ముఖం ఇలాగే ఉంది. దగ్గరికి వచ్చి, అతని మెడకు వదులైన మఫ్లరు సరిచేసి చుట్టింది.

"మీకు ఇన్ని మాటలు వచ్చని నాకు తెలీదు. మీ మీద కోపం పోలేదు, ఇంటికెళ్ళాక ఉంటుంది మీకు," అంది. "ఇంతకీ ఆయన ఏమన్నారు?"